చంపాలని అనుకోకపోయినా అది హత్యేనా?

చర్చాంశం: ఎవరినీ చంపాలన్న ఉద్దేశం లేకున్నా, ఎదుటివారి ప్రాణాలను బొత్తిగా లెక్కచేయని తెగింపుతో ప్రవర్తించి చావుకు కారణమైన వ్యక్తిని హంతకుడిగానే శిక్షించాలా, లేక ఆ నేరానికి వేరే పేరు ఉండాలా?

న్యాయదర్శి: హత్యే అనాలి. 1945లో పెన్సిల్వేనియాలో పదిహేడేళ్ల కుర్రవాడొకడు ఒకే తూటా ఉన్న రివాల్వర్‌ను స్నేహితుడి పక్కటెముకల దగ్గర ఆనించి మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కాడు. మూడోసారి పేలింది. కక్ష ఏమీ లేదు, తూటా పేలే స్థానంలో లేదనే అతను అనుకున్నాడు. అయినా ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1946లో సెకండ్ డిగ్రీ మర్డర్ (రెండో స్థాయి హత్య) తీర్పును ఖాయం చేసింది. పగబట్టినవాడు ఒక్కరినే వెతుక్కుంటాడు. ఇలాంటివాడికి ఎదురుగా ఎవరున్నా ఒకటే.

సందేహి: మీ ఉదాహరణే మీకు అడ్డు వస్తోంది. పేలదని నమ్మినవాడు ప్రాణాన్ని లెక్కచేయలేదా, మూర్ఖంగా పొరబడ్డాడా? ఇంగ్లండులో చంపాలనో, తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశం రుజువైతేనే హత్య అవుతుంది. తెగింపు ఎంతటిదైనా మ్యాన్‌స్లాటర్ (హత్య కంటే తక్కువ స్థాయి నరహత్య) కిందికే వస్తుంది. అంతమాత్రాన నేరస్తుడు తేలిగ్గా బయటపడతాడనుకోకండి, దానికీ యావజ్జీవ శిక్ష దాకా వేయవచ్చు. శిక్ష పెంచే వీలున్నప్పుడు పేరు కోసం పట్టుబట్టడం దేనికి? పైగా తెగింపు "తీవ్రమా, మామూలా" అని తేల్చేందుకు జ్యూరీకి కలిగిన ఏవగింపు తప్ప వేరే కొలబద్ద ఏముంది?

పరిశీలకురాలు: కొలబద్ద ఉంది, అది నిందితుడి ఎరుక. భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్ ప్రకారం, తన పని దాదాపుగా చావుకే దారితీసేంత ప్రమాదకరమని తెలిసి, ఏ సమర్థనా లేకుండా చేసినవాడిది హత్యే. గుంపు మీదికి ఫిరంగి పేల్చినవాడి ఉదాహరణ 1860 నాటి శిక్షాస్మృతి నుంచి అందులో అలాగే ఉంది. చావు సంభవించవచ్చన్న ఎరుక మాత్రమే ఉంటే పదేళ్ల దాకా, కేవలం నిర్లక్ష్యమైతే సాధారణంగా ఐదేళ్ల దాకా జైలు. మెట్లు ఉన్నాయి, ఏ మెట్టో తేల్చడమే కష్టం.

ఆ కష్టం ఎంతటిదో బెర్లిన్ కేసు చూపిస్తుంది. 2016లో నడివీధిలో ఇద్దరు గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగంతో కార్ల పందెం వేసుకోగా, వేరే కారులోని వృద్ధుడు చనిపోయాడు. కింది కోర్టు ఇద్దరినీ హంతకులంది. అయితే కూడలిలోకి దూసుకెళ్లే క్షణంలో ఉద్దేశం ఏర్పడిందని ఆ కోర్టు రాసింది, అప్పటికి బ్రేకు వేసినా ఫలితం లేదు. తప్పించే దారి మూసుకుపోయాక పుట్టిన ఉద్దేశం లెక్కలోకి రాదంటూ ఉన్నత న్యాయస్థానం 2018లో తీర్పును కొట్టివేసింది. పునర్విచారణ తరువాత, 2020లో ఒకరి విషయంలో మాత్రమే హత్య తీర్పు నిలిచింది.

న్యాయదర్శి: ఎరుకే ప్రమాణమైతే ఒళ్లు తెలియకుండా తాగి కారు నడిపినవాడు అందరికంటే తేలిగ్గా తప్పించుకుంటాడు కదా! ఎంత తాగితే అంత లాభమా?

పరిశీలకురాలు: ఎరుకను ఢీకొన్న క్షణంలోనే వెతకనక్కరలేదు. ఇలాంటి నిందితుడిపై హత్యాభియోగం మోపవచ్చని 1981లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పినప్పుడు గమనించిన సంగతులు ఇవి: తాగడానికి అతను కారులోనే వెళ్లాడు, కనుక తాగాక తిరిగి దాన్నే నడపాలని అతనికి తెలిసే ఉండాలి. ఆపైన, ఎర్రదీపం దాటి మరో వాహనాన్ని గుద్దబోయి, బ్రేకు వేసి ఎలాగో ఆగాడు. ఆగినవాడు మళ్లీ అదే వేగం అందుకున్నాడు.