చిన్న విమానాలకు అరగంట రిజర్వ్ ఇంధనం చాలా? గంట చేయాలా?

నీలిమేఘం:
అమెరికాలో బయట చూస్తూ నడిపే చిన్న విమానాలకు నిబంధన ఇదీ: గమ్యం చేరాక పగలైతే ఇంకో 30 నిమిషాలు, రాత్రయితే 45 నిమిషాలు ఎగరడానికి సరిపడా ఇంధనం ఉండాలి. అయినా 2011-2015 మధ్య ఏటా సగటున 50కి పైగా ప్రమాదాలు ఇంధనం సమస్యల వల్లే జరిగాయని అక్కడి రవాణా ప్రమాదాలపై దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. వాటిలో సగానికి పైగా ట్యాంకులు పూర్తిగా ఖాళీ అయి జరిగినవే. 100 నాట్ల (గంటకు 100 నాటికల్ మైళ్ల) వేగంతో వెళ్లే విమానానికి 300 నాటికల్ మైళ్లంటే 3 గంటలు. అనుకోకుండా 20 నాట్ల ఎదురుగాలి తగిలితే 3 గంటల 45 నిమిషాలు. అరగంట రిజర్వ్‌తో బయల్దేరినవాడికి రన్‌వే ఇంకా 20 మైళ్లుండగానే ఇంజిన్ ఆగిపోతుంది. బండిలా పక్కకు ఆపి బంకు దాకా తోసుకెళ్లలేం కదా. అక్కడి విమాన యజమానులు, పైలట్ల సంఘం ఏఓపీఏ గంట మిగుల్చుకోమంటోంది. దాన్నే చట్టం చేయాలి.

రెక్కలగుర్రం:
ఒప్పుకోను. ఆ నిబంధన బయల్దేరేటప్పటి లెక్క మాత్రమే. గాల్లోకి లేచాక రిజర్వ్ ముట్టుకోవద్దని అందులో లేదు. గంట చేసినా, దారిలో వాచీ చూసుకోనివాడు ఆ గంటనూ తినేస్తాడు. ఆ ప్రమాదాల్లో 95 శాతం పైలట్ తప్పిదం ఉన్నవే. ఆ పైలట్లలో సగానికి దగ్గరగా కమర్షియల్ (డబ్బు తీసుకుని నడిపే), అంతకంటే పెద్ద లైసెన్సులున్నవాళ్లు. వాళ్లకు రూల్ తెలియకనా?

ఏటిగట్టు:
అంతా పైలట్ మీదే తోసేస్తే ఎలాగండీ? 1997 అక్టోబర్ 12న గాయకుడు జాన్ డెన్వర్ తన లాంగ్-ఈజెడ్ అనే చిన్న విమానంతో కాలిఫోర్నియాలోని మాంటెరీ బేలో కూలి చనిపోయారు. ఇంధనం తక్కువుందని తెలిసీ నింపించుకోలేదు, అది ఆయన తప్పే. కానీ ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మార్చే వాల్వు ఎక్కడుందో తెలుసా? ఎడమ భుజం వెనక! ఇంధనం ఎంతుందో చూపే గేజ్‌లు చూడాలంటే అద్దం కావాలి. వెనక్కి తిరిగి వాల్వు తిప్పబోతూ అదుపు తప్పారు. వాల్వును అందని చోట పెట్టడం, గేజ్‌ల మీద గుర్తులు లేకపోవడం కూడా కారణాలేనని ఎన్‌టీఎస్‌బీ రాసింది.

రెక్కలగుర్రం:
అది ఇంట్లో కట్టుకున్న విమానమండీ. ఫ్యాక్టరీలో తయారయ్యే చిన్న విమానం సెస్నా 172లో ఆ ఇబ్బంది లేదు, గేజ్ ముళ్లు ఊగుతాయంతే. అందుకే రెక్క దగ్గరికెక్కి, మూత తీసి, కొలత గీతలున్న గొట్టం ట్యాంకు అడుగుదాకా దింపి, పైకొనను వేలితో మూసి బయటికి తీస్తాం. నీలం రంగు ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) ఏ గీత దగ్గర నిలిస్తే అన్ని గ్యాలన్లు. రెండు నిమిషాల పని. నేర్పాల్సింది ఇది. గంట రిజర్వ్ అంటే బరువు పెరిగి, ఎక్కే మనుషుల్ని తగ్గించుకోవాలి.

నీలిమేఘం:
బరువెంతో లెక్కేద్దాం. 172 గంటకు సుమారు 9 గ్యాలన్లు తాగుతుంది. అదనపు అరగంటకు నాలుగున్నర గ్యాలన్లు, అంటే 27 పౌండ్లు, 12 కిలోలు. దానికోసం మనిషిని దింపక్కర్లేదు, ఒక సూట్‌కేస్ దింపితే చాలు. కొలవడం నేర్పాలన్న మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ సరిగ్గా కొలిచి బయల్దేరినవాణ్ని కూడా ఎదురుగాలి ముంచుతుంది. గాల్లో ఉండగా మిగులు గంటకు తగ్గేలా ఉంటే దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో దిగాల్సిందే అని కూడా రాస్తే, అప్పుడైనా ఒప్పుకుంటారా?