కడప బండలో చెట్టు అచ్చు ఉండాది, ఇది డైనోసార్ల కాలందా?

బండలోడు_యర్రగుంట్ల:
అన్నలూ, ఇల్లు కట్టుకుంటాండాం, వంటింటికి కడప బండలు దింపినాం. ఒక బండకు పొర ఊడొస్తే లోపల నల్లగా నాచు మాదిరి, కొమ్మలు కొమ్మలుగా చెట్టు అచ్చు ఉండాది, తడిగుడ్డతో తుడిచినా పోల్యా. మావోడు ఆరో తరగతి, ఇది డైనోసార్లు తిన్న చెట్టు నాయనా అని ఆ బండ కాడనుంచి లేయడం ల్యా. రాత్రి ఇంకోటి పట్టుకున్యాడు, భూమి ముందా నక్షత్రాలు ముందా, ఎవురు చూసొచ్చి చెప్పినారు అని. నాకు తెలిసింది సిమెంటు లెక్కే, ఎవురన్నా చెప్పండి.

సీమరాళ్ల_పిచ్చోడు:
పిల్లోడి ఆశ మీద నీళ్లు పోస్తాండా, ఏమనుకోవద్దు. అది చెట్టు కాదు. పొరల సందులోకి దిగిన నీళ్లలో మాంగనీసు ఉంటాది, నీళ్లు ఇంకిపోతే అదే కొమ్మల మాదిరి నల్లగా పేరుకుంటాది. నిజం ఆకయితే మధ్యలో ఈనె కనపడాల, చూడు. అయినా ఆ బండ సముద్రం అడుగున సున్నపు బురద, అది పేరుకున్నప్పుడు నేల మీద చెట్లే ల్యావు. డైనోసార్లు వచ్చింది 23 కోట్ల ఏళ్ల కిందట, పోయింది 6.6 కోట్ల ఏళ్ల కిందట, మన బండ ముందర అవి నిన్న మొన్నటివి.

నిజంగా బతికిన జీవి గుర్తు కావాలంటే వేంపల్లె పక్క రాళ్లు చూపీ. ఎర్రగడ్డ అడ్డంగా కోస్తే ఎట్ల పొరలు పొరలుగా ఉంటాదో అట్లనే ఉంటాయి, స్ట్రోమటోలైట్లు అంటారు. కంటికి కనపడని సూక్ష్మజీవులు జిగురుతో బురదను పట్టుకొని పొర మీద పొర కట్టినవి. ఈ జాతివే భూమి మీద గాలికి ఆక్సిజన్ ఇచ్చినాయి.

తుగ్గలి_తొలకరి:
మా పక్క వాన పడితే జనమంతా చేన్లలో వంగి వజ్రాలు ఎతుకుతారు. వజ్రకరూరు దగ్గర ఆ వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ రాయికే 110 కోట్ల ఏళ్లంట. నాకు మాత్రం ఇన్నేండ్లలో నడుంనొప్పి తప్ప ఏం దొరకల్యా 😀

బండలోడు_యర్రగుంట్ల:
సరేన్నా, మరి ఈ కోట్ల లెక్క యాడనుంచి తీస్తారు? రాయికి ఆధార్ కార్డు ఉంటాదా?

సీమరాళ్ల_పిచ్చోడు:
ఉంటాది, యురేనియమే ఆధార్. అది మెల్లగా సీసంగా మారుతాంటాది, ఒక రకం యురేనియం సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, కాబట్టి ఎంత మిగిలింది ఎంత సీసమయింది కొలిస్తే వయసు వచ్చేస్తాది. పులివెందుల దగ్గర రాతి పొరల్లోకి కరిగి చొరబడిన నల్లరాయికి అట్ల కొలిస్తే 188 కోట్ల ఏళ్లు వచ్చింది, వేంపల్లె పొరలు దానికి కింద ఉండాయి, అంటే ఇంకా పాతవి. భూమికయితే 454 కోట్లు. మన భూమి తొలినాటి రాళ్లు కరిగి మారిపోయినాయి గదా, అందుకే ప్యాటర్సన్ అనే ఆయన భూమితో పాటే పుట్టిన ఉల్కల్లో సీసం కొలిచి 1956లో దాదాపు ఆ లెక్కే తేల్చినాడు. విశ్వానికి 1380 కోట్లు, కాబట్టి నక్షత్రాలే ముందు, పిల్లోడికి చెప్పు.

బండలోడు_యర్రగుంట్ల:
చెప్పినా. చెట్టు కాదంటే ముఖం మాడ్చుకున్యాడు, డైనోసార్లకన్నా పాతదంటే మళ్లీ ఎగిరినాడు. ఆ బండ వంటింట్లో వేయనీల్యా, వాడి మంచం పక్కన గోడకు ఆనిచ్చినాం. ఆదివారం వేంపల్లె ప్రయాణం, మా ఆడోళ్లు రాళ్లు చూడ్డానికి పెట్రోలా అని తిడతాండారు.