కోలారు చెరువుల్లోకి బెంగళూరు శుద్ధి నీళ్లు: చూసినవాళ్లు చెప్పండి

టమాటా రైతు
మాది మదనపల్లె దగ్గర పల్లె. వెయ్యి అడుగులు దింపినా బోరు మీద నమ్మకం లేదు. కోలారులో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చెరువులకు వదులుతున్నారు కదా, బోర్లలోకి నిజంగా నీళ్లొచ్చాయా? మా పట్టణం మురుగునీళ్లతోనూ ఇలా చేయొచ్చు కదా అని ఊళ్లో మాట నడుస్తోంది.

కోలారు వాసి
వచ్చాయన్నా. 2018 జూన్‌లో మొదట లక్ష్మీసాగర చెరువులోకి దిగాయి. కోరమంగల–చల్లఘట్ట లోయలోని ప్లాంట్ల నుంచి పైపుల్లో ఎత్తిపోస్తారు. మధ్యలో కొన్నిచోట్ల మళ్లీ పంపులు కావాలి, మిగతాదంతా పాత గొలుసుకట్టే. ఒక చెరువు నిండి అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు పోతాయి. రోజుకు 44 కోట్ల లీటర్లు, 137 చెరువులు అని ప్రణాళిక. చెరువులో మోటరు పెట్టి తోడనివ్వరు, భూమిలోకి ఇంకి బావికీ బోరుకీ వచ్చిందే వాడుకోవాలి. మా పక్క చేనులో ఏళ్లుగా మూతేసి ఉన్న బోరు మళ్లీ పోస్తోంది. అది చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

మల్బరీ తోట
అన్న చెప్పింది నిజమే, కానీ రెండో వైపు కూడా వినండి. ఆ జూలైలోనే లక్ష్మీసాగరలో తెల్లటి నురగ లేచింది. విషయం కోర్టుకెళ్లింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది, తర్వాత మళ్లీ అనుమతిచ్చింది. వదిలింది రెండో దశ వరకే శుద్ధి చేసిన నీళ్లు. కుళ్లే మలినం చాలావరకు పోతుంది గానీ నత్రజని, భాస్వరం మిగులుతాయి. వాటితో చెరువులో గుర్రపుడెక్క పెరుగుతుంది, బావుల్లోకి నైట్రేట్ చేరే భయమూ ఉంది. అందుకే మూడో దశ శుద్ధి కావాలని ఇక్కడి రైతులు పోరాడుతున్నారు. మా బావి నీళ్లు తోటకే, తాగడానికి ముట్టం.

ప్లాంటు ఆపరేటర్, చెన్నై
ఇక్కడ కొడుంగయ్యూరు, కోయంబేడుల్లో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున ఆర్వో దాకా శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు అమ్ముతున్నారు. ఆ మేరకు తాగునీళ్లు జనానికి మిగులుతాయి. చెరువుకు ఆర్వో ఖర్చు అక్కర్లేదు. నత్రజని, భాస్వరం తీసి, ఇసుక వడపోత పెట్టి, క్రిములు చంపితే చాలావరకు సరిపోతుంది. బురదనూ పారబోయొద్దు. గాలి తగలని ట్యాంకులో పులియబెడితే గ్యాస్ వస్తుంది, దాంతో ఇంజిన్ నడిపి ప్లాంటు కరెంటులో కొంత అక్కడే తీసుకోవచ్చు. మిగిలిన బురదలో ఎరువు సత్తువ ఉంటుంది, కానీ లోహాల పరీక్ష చేయించకుండా చేనుకు తోలొద్దు. మీరు ముందు అడగాల్సింది ఒకటే: ఆ మురుగులో ఏ ఫ్యాక్టరీల నీళ్లు కలుస్తున్నాయి? ఇళ్ల నీళ్లు మాత్రమే అయితే సగం టెన్షన్ తగ్గినట్టే.

మల్బరీ తోట
ఇంకోటి. చెరువులోకి నీళ్లు రాకముందే మీ బావులు, బోర్ల శాంపిళ్లు పరీక్షకిచ్చి కాగితాలు దాచుకోండి. నైట్రేట్, ఫ్లోరైడ్, ఉప్పుదనం తప్పక చూడమనండి. రేపు తేడా వస్తే చూపించడానికి చేతిలో ఆధారం ఉండాలి.

టమాటా రైతు
సరే అక్కా. శాంపిల్ వానలకు ముందు తీయాలా, తర్వాతా?

మల్బరీ తోట
రెండుసార్లూ తీయండి. మేలో ఒకటి, నవంబరులో ఒకటి. ప్రతిసారీ అవే బావులు ఉండాలి.