పీజీలో చేరితే దివ్యాంగుల పింఛను, ఇల్లు ఆగిపోతాయా?

ఉద్దానం ఆడపడుచు:
అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. పోలియో వల్ల కుడి కాలికి కాలిపర్ (కాలికి ఊతమిచ్చే కడ్డీల పట్టీ) వేసుకుని నడుస్తాను. వైకల్యం ఎంతో చెప్పే సదరం ధ్రువపత్రంలో 60 శాతం ఉంది, నెలకు 6,000 రూపాయల పింఛను వస్తోంది. డిగ్రీ అయ్యాక ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయాను. ఇన్నేళ్లకు పీజీసెట్ రాస్తే శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎకనామిక్స్ సీటు వచ్చింది. రోజూ పలాస నుంచి వెళ్లి రావడం నా కాలితో అయ్యే పని కాదు, హాస్టల్లో ఉండాల్సిందే.

చదువుకునే ఓపిక ఉన్నవాళ్లకు పింఛను తీసేస్తారని ఊళ్లో ఒకరు అమ్మను భయపెట్టారు. పైగా ఆవాస్ యోజన ఇల్లు నా పేరు మీదే ఉంది. గోడలు లింటెల్ దాకా లేచాయి, శ్లాబు బిల్లు ఇంకా పడలేదు. నేను ఊళ్లో లేకపోతే ఇల్లు రద్దవుతుందా? నా బదులు అమ్మ పింఛను తీసుకోవచ్చా? అమ్మ జీడిపిక్కలు కొట్టే పని చేస్తుంది. ఆ పిక్కల పెంకు నూనెకు వేళ్లు కాలి, రేషన్ దగ్గరే ఆమె వేలిముద్ర పడదు. సీటు వదులుకోవాలని లేదు. తెలిసినవారు చెప్పండి.

నాగావళి గట్టు:
నేను గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. చదువుకుంటున్నారన్న కారణంతో పింఛను తీసేసే నిబంధన లేదమ్మా. అర్హతలో చూసేవి వేరు: కుటుంబానికి మూడెకరాలకు మించి మాగాణి లేదా పదెకరాలకు మించి మెట్ట, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు, నాలుగు చక్రాల సొంత బండి, ఆదాయపు పన్ను, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం. మీకు ఇబ్బంది వచ్చేది నెలనెలా పింఛను ఇచ్చే ఒకటో తేదీన. పింఛను మీ వేలిముద్రకో ముఖ గుర్తింపుకో ఇస్తారు గానీ అమ్మగారికి ఇవ్వరు. ఒకటి రెండు నెలలు అందుకోకపోతే బకాయి కలిపి తరువాతి నెలలో ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే మాత్రం వలస వెళ్లినట్టు లెక్కగట్టి ఆపేస్తారు.

గంటస్తంభం టీచరు:
చెల్లీ, నాదీ కాలిపరే. విజయనగరంలో ఉంటాను. పెళ్లయి, బాబు బడికి వెళ్లడం మొదలయ్యాక ఎంఏలో చేరాను. చదివినన్నాళ్లూ పింఛను ఒక్క నెల కూడా ఆగలేదు. ప్రభుత్వ బడిలో ఉద్యోగం వచ్చాక ఆగింది, అది ఆగాల్సిందే కదా. ఆ ఊరాయన మాట పట్టించుకోకండి. మన కాలికి ఇచ్చే పింఛనుకూ మన బుర్రకూ సంబంధం లేదు.

ఇల్లు మీ హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ గృహ పథకాల్లో మనకు 5 శాతం కేటాయించింది, అందులోనూ ఆడవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వమంది. అదే చట్టం 32వ సెక్షన్ ఉన్నత చదువుల్లో 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో అయిదేళ్ల సడలింపు ఇస్తోంది. ఒక హక్కు వాడుకున్నందుకు రెండోది పోదు. ఇంటి బిల్లు పని ఏ దశకు వచ్చిందో ఫొటో తీసి ఎక్కించాకే మీ ఖాతాలో పడుతుంది. కాబట్టి శ్లాబు వేసే రోజు ఇంజనీరింగ్ అసిస్టెంటును ముందే అడిగి, ఆ రోజుకు మీరు ఊళ్లో ఉండండి. ఆధార్, రేషన్ కార్డులో చిరునామా మార్చకండి. హాస్టల్లో ఉన్నంత మాత్రాన మీ ఇల్లు ఎచ్చెర్ల అయిపోదు.

నాకు నిజంగా భయం వేసేది సదరం పునఃపరిశీలన విషయంలో. 2025లో చాలామందికి మళ్లీ వైద్య పరీక్షకు రమ్మని నోటీసులు వచ్చాయి. మీరు హాస్టల్లో ఉండగా నోటీసు ఇంటికి వస్తే అమ్మ చదవలేకపోవచ్చు. ఏ కాగితం వచ్చినా ఫొటో తీసి పంపమని పక్కింటి పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి. పరీక్షకు వెళ్లకపోతే పింఛను పోయే ప్రమాదం అక్కడ ఉంది, చదువులో లేదు.

కళింగ పాఠకుడు:
ఇంత ఇబ్బంది ఎందుకు, దూరవిద్యలో చేస్తే ఇంట్లోనే ఉండొచ్చు కదా?

గంటస్తంభం టీచరు:
ఆ సలహా నాకూ చాలామంది ఇచ్చారండీ. కాలు బాగున్నవాళ్లకు ఎవరూ ఇవ్వరు. లైబ్రరీ, తోటి విద్యార్థులు, సందేహం అడిగితే ఎదురుగా నిలబడి చెప్పే మాస్టారు, ఇవన్నీ ఆ అమ్మాయికీ కావాలి. ఇంకో మాట, దివ్యాంగ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రెగ్యులర్ కోర్సులకే వస్తుంది. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. చెల్లీ, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, ఆదాయ ధ్రువపత్రం సిద్ధం చేసుకో. ఒకేసారి రెండు స్కాలర్‌షిప్‌లు తీసుకోనివ్వరు, ఏది ఎక్కువో చూసుకుని ఒకటే ఎంచుకో.

ఉద్దానం ఆడపడుచు:
అక్కా, మీ మాటలు అమ్మకు చదివి వినిపించాను. ప్రతి ఒకటో తేదీకీ రావాలంటే క్లాసులు పోతాయి కదా?

నాగావళి గట్టు:
ఒకటో తేదీ ఆదివారమైతే ముందు రోజే ఇస్తారు, అది చూసుకోండి. మిగతా నెలల్లో కుదిరినప్పుడు రండి, కానీ మూడో నెల మాత్రం తప్పకండి. 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఖర్చు ఉండదు. ఇంటికి దూరంగా చదివే దివ్యాంగ విద్యార్థులకు పింఛను బ్యాంకు ఖాతాలో వేసే వెసులుబాటు మీకు వర్తిస్తుందేమో, స్టడీ సర్టిఫికెట్ తీసుకుని మీ సచివాలయంలో సంక్షేమ సహాయకుణ్ని అడగండి. నోటిమాటగా కాదు, అర్జీ రాసి రసీదు తీసుకోండి.

గంటస్తంభం టీచరు:
హాస్టల్లో కింది అంతస్తు గది కావాలని చేరే రోజునే రాసి ఇవ్వు. ఫీజు గడువు ఎప్పుడు?