జామ్ తీయడానికి 40 సెకన్లు, తాళం వేయడానికి 9 నిమిషాలు: ప్రతిసారీ లోటో చేయాల్సిందేనా?

లైన్_మెంటెనెన్స్ (ప్రశ్న అడిగినవారు)

మాది అట్టపెట్టెలు ప్యాక్ చేసే లైన్. షిఫ్టుకు సగటున 18 సార్లు పెట్టె నలిగి లోపల ఇరుక్కుంటుంది. ఆపరేటర్ గార్డు తలుపు తెరుస్తాడు. తలుపుకున్న ఇంటర్‌లాక్ వల్ల మెషిన్ ఆగుతుంది. నలిగిన పెట్టె లాగేసి, తలుపు వేసి, స్టార్ట్ నొక్కుతాడు. మొత్తం 40 సెకన్లు. ఏళ్ళ తరబడి ఇలాగే నడుస్తోంది, ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు.

కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ గారు ఇకమీదట ప్రతి జామ్‌కూ లోటో (లాకౌట్-ట్యాగౌట్) చేయాలని ఆర్డర్ వేశారు. అంటే మెయిన్ ఐసోలేటర్ (మెషిన్‌కు కరెంటును పూర్తిగా తెంపే స్విచ్) ఆఫ్ చేసి, దాని మీద ఎవరి తాళం వాళ్ళు వేసి, పేరున్న ట్యాగ్ తగిలించి, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి. ఆ ఐసోలేటర్ ప్యానెల్ రూమ్‌లో ఉంది, లైన్‌కు అవతలి చివర. వెళ్ళి వేసి రావడం, పని అయ్యాక మళ్ళీ వెళ్ళి విప్పడం, డ్రైవ్‌లు (మోటార్ల వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలు) రీసెట్ అయ్యేదాకా ఆగడం, అన్నీ కలిపి 9 నిమిషాలు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గారేమో "ఇంటర్‌లాక్ ఉందిగా, ఇంకా ఎందుకు?" అంటారు. ఇద్దరి మధ్య నేను ఆ అట్టపెట్టెలాగే నలుగుతున్నాను. మీరేమంటారు?

సేఫ్టీ_డెస్క్

మీ సేఫ్టీ ఆఫీసర్ చెప్పిందే కరెక్ట్. తలుపు స్విచ్, ఎమర్జెన్సీ స్టాప్, సెలెక్టర్ స్విచ్, ఇవన్నీ కంట్రోల్ సర్క్యూట్‌కు "ఆగు" అని చెప్పేవే. మోటారుకు కరెంటు వచ్చే దారి అలాగే ఉంటుంది, మధ్యలో ఒక కాంటాక్టర్ (కంట్రోల్ సర్క్యూట్ చెప్పినట్టు కరెంటు కలిపే, విడదీసే స్విచ్) తెరుచుకుని ఉంటుందంతే. ఆ కాంటాక్టర్ అతుక్కుపోయినా, స్విచ్ వైరు ఎక్కడైనా షార్టయినా మెషిన్ కదలొచ్చు. ఐసోలేటర్ దారినే తెంపేస్తుంది. అమెరికాలో దీని మీద ఓషా (కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నియమం ఒకటుంది, 1910.147. 1989లో వచ్చింది. అది పుష్ బటన్లను, సెలెక్టర్ స్విచ్‌లను ఐసోలేషన్ కింద అసలు ఒప్పుకోదు. ఈ నియమం పాటిస్తే ఏటా సుమారు 120 మరణాలు, 50,000 గాయాలు తప్పుతాయని వాళ్ళ అంచనా.

ఇంకో మాట. మీరు లోపల ఉండగా ఆ తలుపును ఎవరైనా వేసెయ్యగలరు. తాళం మీదై, తాళంచెవి మీ జేబులో ఉంటే ఆ భయం లేదు. "ఇంతవరకు ఏమీ కాలేదు" అన్నది లెక్కలోకి రాదు.

ఆపరేటర్_ని_నేనే

18 ఇంటూ 9, 162 నిమిషాలు. షిఫ్టులో రెండు గంటల నలభై రెండు నిమిషాలు తాళానికే పోతాయి. ప్రొడక్షన్ టార్గెట్ తగ్గిస్తారా మరి? తగ్గించరు.

ఏం జరుగుతుందో నేను చెప్తాను. మొదటి వారం వేస్తాం. ఆ తర్వాత సేఫ్టీ వాళ్ళు లైన్ మీద ఉన్నప్పుడు వేస్తాం. నెల తిరిగేసరికి తాళం నడుముకు వేలాడుతుంది, చెయ్యి మెషిన్‌లో ఉంటుంది. అప్పుడు ఏదైనా అయితే "ట్రైనింగ్ ఇచ్చాం, సంతకం పెట్టాడు, అయినా తాళం వేయలేదు" అని రిపోర్టు రాస్తారు. ఆ సంతకాలు ఎవరిని కాపాడటానికో మాకు తెలియదనుకోకండి.

రూల్_చదివినోడు

సేఫ్టీ_డెస్క్ గారు ఆ నియమంలో ఒక ముక్క వదిలేశారు. మామూలు ఉత్పత్తి నడుస్తుండగా చేసే చిన్నచిన్న పనులకు అందులోనే ఒక మినహాయింపు ఉంది. ఆ పని రొటీన్‌గా, పదేపదే వచ్చేదై ఉండాలి, ఆ మెషిన్‌తో ఉత్పత్తి చేయడంలోనే భాగమై ఉండాలి. ఈ పరిస్థితిలో తాళం వేయకపోయినా ఫరవాలేదు. అయితే దాని తర్వాత ఇంకో షరతు ఉంది, అందరూ మరిచిపోయేది అదే: తాళానికి బదులు గట్టి రక్షణ ఇచ్చే వేరే ఏర్పాటు ఉండాలి. మినహాయింపును చదివి షరతు దగ్గర పుస్తకం మూసేసేవాళ్ళే ఎక్కువ.

కాబట్టి మీ ఇన్‌ఛార్జ్‌ను అడగాల్సిన ప్రశ్న వేరు. మీ ఇంటర్‌లాక్ ఎలాంటిది? ఒకే స్విచ్ పీఎల్‌సీ (మెషిన్‌ను నడిపే మామూలు కంట్రోల్ కంప్యూటర్) ఇన్‌పుట్‌కు వెళ్తోందా? లేక రెండు ఛానెళ్ళతో, అంటే రెండు విడి వైరు దారులతో, సేఫ్టీ రిలేకు వెళ్ళి, ఆ రిలే రెండు కాంటాక్టర్లను తెరిచి, ఏదైనా ఒకటి అతుక్కుంటే మళ్ళీ స్టార్ట్ కానివ్వకుండా ఆపుతోందా? మొదటి రకమైతే దాన్ని నమ్మి చెయ్యి పెట్టకండి. రెండో రకమైతే మాట్లాడుకోవచ్చు. లోటో మీద ఉన్న అమెరికా స్టాండర్డ్ జెడ్244.1 కూడా 2016 నుంచి రిస్క్ అసెస్‌మెంట్ చేసి ప్రత్యామ్నాయ పద్ధతులు వాడుకోవడం గురించి వివరంగానే రాసింది.

సేఫ్టీ_డెస్క్

రిస్క్ అసెస్‌మెంట్ అంటే ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. ముందు జవాబు రాసుకుని తర్వాత లెక్క చేస్తారు. ఆ తలుపు మాటలు మొదలుపెడితే రేపు బేరింగ్ మార్చేవాడు కూడా "తలుపు తీసే ఉందిగా" అంటాడు. నాకు ఒకే గీత కావాలి.

రూల్_చదివినోడు

ఒకే గీత మీకు సుఖం. కానీ 18 సార్లు దాటాల్సి వచ్చే గీతను మనుషులు చెరిపేస్తారు.

పాత_ఫిట్టర్

నా అనుభవం ఒకటి చెప్తాను, తర్వాత కొట్టుకోండి.

నేను తాళం వేసినవాడినే. ఎప్పుడూ మానలేదు. ఇలాంటి లైనే, పెట్టెను పక్కకు నెట్టే పుషర్ దగ్గర జామ్ అయింది. ఐసోలేటర్ ఆపాను, తాళం వేశాను, ట్యాగ్ రాశాను. గాలి మెయిన్ వాల్వ్ కూడా మూసి, లైన్‌లో గాలి వదిలి, గేజ్ చూశాను. సున్నా. చెయ్యి పెట్టి నలిగిన పెట్టెను లాగాను. పుషర్ ముందుకు తన్నింది. ఉంగరం వేలు చివర పోయింది.

ఎందుకు తన్నిందో తర్వాత తెలిసింది. సిలిండర్ నోటి దగ్గరే ఒక చెక్ వాల్వ్ (గాలిని వెనక్కి పోనివ్వని వాల్వ్) ఉంది. లైన్‌లో గాలి పోయినా సిలిండర్ ఉన్నచోటే నిలబడాలని ఎవరో డిజైన్‌లో పెట్టారు. నేను చూసిన గేజ్ ఆ వాల్వ్‌కు ఇవతల ఉంది. అవతల సిలిండర్ లోపల గాలి బిగబట్టుకుని కూర్చుంది. దాన్ని ఆపి పట్టుకున్నది ఏమిటయ్యా అంటే, నేను లాగిన ఆ పెట్టే. 63 మిల్లీమీటర్ల సిలిండర్, 6 బార్ గాలి. లెక్క వేసుకోండి, 190 కిలోల దాకా తోపుడు.

మీరంతా తాళం వేయాలా వద్దా అని వాదిస్తున్నారు. జామ్ అయిన మెషిన్ అంటే ఆగిన మెషిన్ కాదు తమ్ముళ్ళూ. సగం పని చేసి, మిగతా సగం ఎప్పుడు చేద్దామా అని చూస్తున్న మెషిన్ అది. సాగిన బెల్టు, నొక్కుకున్న స్ప్రింగు, పైకి లేచి నిలబడ్డ బరువు, అన్నీ అంతే. ఐసోలేటర్‌కు వాటితో సంబంధమే లేదు.

ప్యానెల్_మనిషి

ఫిట్టర్ అన్న చెప్పింది గాలి సంగతి, కరెంటు వైపూ అదే కథ. డ్రైవ్‌కు సప్లై తీశాక లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ కొన్ని నిమిషాలు ఉంటుంది. ఎంతసేపు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది, చదివేవాడు అరుదు. ఆగాక కూడా మీటర్ పెట్టి చూడాలి. మీటర్‌ను ముందు సప్లై ఉన్నచోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, తర్వాత మనం ముట్టుకునే చోట, మళ్ళీ సప్లై ఉన్నచోట. బ్యాటరీ అయిపోయిన మీటర్ కూడా సున్నానే చూపిస్తుంది కదా.

నేను ఆడిట్‌లో చూసేది తాళాన్ని కాదు. తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూశాడా లేదా అని. నొక్కాక దాన్ని మళ్ళీ ఆఫ్‌లో పెట్టాడా అని. పక్క మెషిన్ ఐసోలేటర్‌కు తాళం వేసి ఈ మెషిన్‌లో దిగిన మహానుభావులను చూశాను. లేబుళ్ళు అలా ఉన్నాయి మరి.

రాత్రి_షిఫ్టు

నాదో డౌట్, కొంచెం పక్కదారి. పగటి షిఫ్టు వాడు తాళం వేసి చెవి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఫోన్ ఎత్తడు. రాత్రి ఇన్‌ఛార్జ్ హాక్‌సా తెప్పించి కోయించాడు. ఇది కరెక్టేనా?

సేఫ్టీ_డెస్క్

వట్టి హాక్‌సాతో అయితే తప్పు. ముందు ఆ మనిషి ప్లాంటులో లేడని తేల్చుకోవాలి. అతన్ని పట్టుకోవడానికి చేయగలిగిన ప్రయత్నమంతా చేయాలి. అతను మళ్ళీ పనిలోకి దిగేలోపు "నీ తాళం తీసేశాం" అని తప్పకుండా చెప్పాలి. ఈ అధికారం ఎవరికుందో ముందే రాసి ఉండాలి.

రాత్రి_షిఫ్టు

మూడోది జరగలేదు. తెల్లారి వచ్చి, తన తాళం ఇంకా ఉందనుకుని నేరుగా లోపలికి దిగాడు. అదృష్టం, అప్పటికి లైన్ ఆగి ఉంది.

ప్యానెల్_మనిషి

ఇది పక్కదారేమీ కాదు. ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం, 1988 జూలై 6. పగలు ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వ్ విప్పి, ఆ చోట ఉత్త బిళ్ళ బిగించి వెళ్ళారు. ఆ సంగతి రాసిన పర్మిట్ (పని అనుమతి కాగితం) రాత్రి వాళ్ళ కంటపడలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయేసరికి దీన్ని స్టార్ట్ చేశారు. ఆ బిళ్ళ దగ్గర లీకై పేలింది. 167 మంది చనిపోయారు. అక్కడ కాగితం ఉంది. పంపును స్టార్ట్ కానివ్వకుండా ఆపే అడ్డు మాత్రం లేదు.

ఆపరేటర్_ని_నేనే

సరే, పాత_ఫిట్టర్ అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. నేను రోజుకు 18 సార్లు లాగుతున్నది అదే పెట్టెను. అయినా ప్యానెల్ రూమ్‌కు 18 సార్లు నడవమంటే ఒప్పుకోను. ఐసోలేటర్‌నే నా దగ్గరకు తీసుకురండి. నా చేతికందే దూరంలో ఒక లోకల్ ఐసోలేటర్, దాని పక్కన తిప్పగానే సిలిండర్లలో గాలి దింపేసే వాల్వ్, రెండిటికీ తాళం పట్టే కన్నం. అప్పుడు 9 నిమిషాలు ఒక నిమిషం అవుతుంది, నేనే వేస్తాను, ఎవరూ చెప్పక్కర్లేదు.

సేఫ్టీ_డెస్క్

దీనికి నాకు అభ్యంతరం లేదు. ఖర్చు ఎవరు పెడతారో అడగండి, మీ ఇన్‌ఛార్జ్ మాయమైపోతాడు.

రూల్_చదివినోడు

అసలు షిఫ్టుకు 18 జామ్‌లేమిటి? ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. అట్ట తేమ పట్టిందా, గైడ్ రైలు వంకరపోయిందా, రెండు కన్వేయర్ల స్పీడు కలవడం లేదా? చెయ్యి పెట్టే అవసరం తగ్గితే సగం గొడవ పోతుంది.

లైన్_మెంటెనెన్స్

మూడు రోజులు స్టాప్‌వాచ్, పుస్తకం పట్టుకుని లైన్ పక్కన నిలబడ్డాను. తేలింది ఇది.

18లో దాదాపు 15 జామ్‌లు ఇన్‌ఫీడ్ (పెట్టెలు మెషిన్‌లోకి వెళ్ళే చోటు) దగ్గర. అక్కడ బయటి నుంచే కొక్కెం కర్రతో లాగెయ్యొచ్చు, చెయ్యి గార్డు దాటనక్కర్లేదు. మిగతా మూడు పుషర్ దగ్గర, మోచేతి దాకా లోపలికి వెళ్ళాలి. మొదటి వాటికి కర్ర, తలుపు ఇంటర్‌లాక్. పుషర్ దగ్గరైతే తప్పనిసరిగా తాళం, గాలి దింపడం, స్టార్ట్ నొక్కి చూడడం. సేఫ్టీ ఆఫీసర్ గారు సగం ఒప్పుకున్నారు. ముందు ఇంటర్‌లాక్ వైరింగ్ చూపించమన్నారు, న్యాయమే. చూస్తే ఒకే ఛానెల్, నేరుగా పీఎల్‌సీకి. అంటే ఇన్నాళ్ళూ రూల్_చదివినోడు గారు చెప్పిన మొదటి రకాన్నే నమ్ముకున్నాం. ఇక గైడ్ రైలు నిజంగానే వంకర.

పాత_ఫిట్టర్ అన్నా, నువ్వు చెప్పాక ఇంకోటి కూడా చూశాను. లోపల ఎవరూ లేకుండా, చెయ్యి పెట్టకుండా, పుషర్ సిలిండర్‌కు టెస్ట్ గేజ్ తగిలించి, జామ్ అయినప్పుడు తలుపు తెరిచి బయట నిలబడి చూశాను. 5.5 బార్. పది నిమిషాలైనా దిగలేదు.

పాత_ఫిట్టర్

గేజ్ ఎక్కడ పెట్టావు తమ్ముడూ? చెక్ వాల్వ్‌కు ఇవతలా, అవతలా?

లైన్_మెంటెనెన్స్

అవతల. సిలిండర్ పోర్టు దగ్గరే.

పాత_ఫిట్టర్

అయితే వాదన తర్వాత. ఆ లైన్ ఇప్పుడే ఆపించు. రాత్రి షిఫ్టు వాళ్ళు వచ్చేదాకా అక్కడే ఉండి, ఎందుకు ఆపావో వాళ్ళకు నువ్వే ఎదురుగా నిలబడి చెప్పి వెళ్ళు.

లైన్_మెంటెనెన్స్

ఆపించాను అన్నా. తాళం నాదే వేశాను. ఇన్‌ఛార్జ్ గారు ఇటే వస్తున్నారు, ఉంటాను.