తేనెపిట్ట సరే, కింకాజును ‘తేనె ఎలుగు’ అనొచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుంచి): బడి గోడపత్రికకు తేనెపిట్టనూ కింకాజునూ పోలుస్తూ రాస్తున్నాను. రెండూ పూల తేనె తాగేవే. కింకాజు రకూన్ కుటుంబానిది, మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా అడవుల్లో ఉంటుంది. ఇంగ్లిష్‌లో హనీ బేర్ అని కూడా అంటారట. ‘తేనె ఎలుగు’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు (ములుగు నుంచి): వద్దు సార్. తేనె ఎలుగు అనగానే ఇక్కడ ఎవరికైనా గుడ్డెలుగే గుర్తొస్తుంది. తేనెతుట్టె కోసం చెట్టెక్కేది అదే కదా! కింకాజు ఎలుగు జాతే కాదు. రెండు మూడు కిలోల జంతువు, రాత్రిపూట తిరుగుతుంది, తోకతో కొమ్మను చుట్టి పట్టుకుంటుంది. పైగా దాని అసలు తిండి పండ్లు, ముఖ్యంగా మర్రి, మేడి జాతివి. మకరందం ఆ తర్వాతే. తేనెపిట్టకు ఆ పేరు తగినట్టు దీనికి తగదు.

జనగామ నుంచి: ‘చెట్టుపిల్లి’ అంటే? పునుగుపిల్లి కూడా పిల్లి కాదు, అయినా పేరు నిలిచింది.

ములుగు: నిలిచింది, నిజమే. కానీ చెట్టుపిల్లి అంటే పిల్లలు తాళ్లెక్కి లొట్టిలో కల్లు తాగిపోయే పునుగుపిల్లినే అనుకుంటారు. (మా గీత కార్మికుల తిట్లన్నీ దానికే.) రకూన్ కుటుంబం అమెరికా ఖండాలదే, మన అడవిలో ఆ జాతి లేదు. లేనిదానికి ఉన్నవాటి పేరెందుకు? జిరాఫీ, కంగారూ అలాగే వచ్చాయి. కింకాజు ఉకారంతోనే ముగుస్తుంది కాబట్టి కింకాజులు, కింకాజుకు అని మన విభక్తులు హాయిగా అతుకుతాయి.

హనుమకొండ: మరి ‘తేనె తాగుతుంది’ అనడం తప్పా? మకరందం అనాలా?

ములుగు: తేనెటీగ మకరందాన్ని తుట్టెకు చేర్చి చిక్కబరిస్తేనే తేనె. సైన్స్ పాఠంలో ‘మకరందం’ రాయండి, తేనెపిట్ట పేరును మాత్రం దిద్దకండి. ఇంకో మాట: తేనెపిట్ట తూకం పది గ్రాములలోపే, పొడవు పది సెంటీమీటర్లు. కింకాజు నాలుకే దాదాపు పన్నెండు! బొమ్మ వేయిస్తే ఈ సంగతి కనబడేట్టు వేయించండి.

జనగామ: పిట్ట తన పిల్లలకు పురుగులు, సాలీళ్లు పెడుతుందని కూడా రాయండి సార్. లేకపోతే మకరందంతోనే పెరుగుతాయనుకుంటారు.