ఏకాదశి పాలు ఎవరు తాగారు? తొమ్మిదో తరగతికి ఫకీర్ మోహన్ నవల చదివించడం గురించి

గుణుపురం టీచర్:

నమస్కారమండి. రాయగడ జిల్లా గుణుపురంలో హైస్కూల్ టీచర్‌ని. మా క్లాసులో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడి చదువు ఒడియాలో. కొందరు సవర పిల్లలు కూడా ఉన్నారు. శనివారం లైబ్రరీ పీరియడ్‌లో ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' (ఆరు మాణాల ఎనిమిది గుంటల భూమి అని అర్థం) మొదలుపెట్టాను. ఇబ్బంది ఏమిటంటే కథ వీళ్లకి ముందే తెలుసు. జమీందారు మంగరాజ్ దుర్మార్గుడు, సాలె దంపతులు భగియా, సారియా పాపం అమాయకులు, మంగరాజ్ ఇంటి పనిమనిషి చంపా మాయలాడి, భూమి పోయింది, ఆవు పోయింది, చివరికి మంగరాజ్ జైలుకెళ్లాడు. గడగడా అప్పజెప్పేస్తారు. పుస్తకం తెరవమంటే "కథ తెలుసు కదా మేడమ్, మళ్లీ ఎందుకు?" అంటారు.

దానికి తోడు మొదటి అధ్యాయంలో కథకుడు మంగరాజ్‌ని పొగుడుతుంటే ఒక అమ్మాయి "మొదట్లో మంచివాడే, తర్వాత చెడిపోయాడు" అని రాసింది. ఇది వ్యంగ్యం అని నేను చెప్పేస్తే నోట్సులో రాసుకుంటారు, అంతే. వాళ్లకే తట్టేలా చేయడం ఎలా? వారానికి ఒక్క పీరియడే నా చేతిలో ఉంది.

బరంపురం మాస్టారు:

అమ్మా, ఆ అమ్మాయి జవాబు కొట్టేయకండి. మీ క్లాసులో పుస్తకం చదివింది ఆ అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్లు ఎక్కడో విన్న కథ చెబుతున్నారు.

నేను బరంపురంలో రిటైరయ్యేదాకా ఈ నవల చెప్పాను. మొదటి పీరియడ్‌లో ఏకాదశి పేరా దాటనిచ్చేవాణ్ణి కాదు. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, ఒకవైపు 'చూసినవాళ్లు' అని, రెండోవైపు 'విన్నవాళ్లు' అని రాసేవాణ్ణి. ఏడాదిలో 24 ఏకాదశులూ మంగరాజ్ ఉపవాసం ఉంటాడు, 40 ఉన్నా ఉండేవాడే అంటాడు కథకుడు. ఎవరు చూశారు? వెతకమంటాను. పేజీలో ఎవరూ దొరకరు. తర్వాత మంగలి జగా వస్తాడు. ఏకాదశి రాత్రి అయ్యగారి పడకగదిలో గిన్నె నిండా పాలు, అరటిపళ్లు పెడతారనీ, తెల్లారి ఖాళీ గిన్నె కడిగేది తనేననీ చెబుతాడు. మరి జగాని ఎటు రాయాలి? గొడవ ఇక్కడ మొదలవుతుంది. గిన్నె చూశాడు, తాగడం చూడలేదు.

కథకుడూ సరిగ్గా అదే పట్టుకుంటాడు. కళ్లారా చూసిన సాక్షి ఏడీ అంటాడు. ద్రవాలు ఆవిరవుతాయని సైన్సు పుస్తకాల్లో ఉంది కదా, జమీందారు ఇంటి పాలకి ఆ సూత్రం వర్తించదా అంటాడు. గదిలో ఎలుకలు లేవా అని కూడా అడుగుతాడు. మీ పిల్లలు బాష్పీభవనం చదివే ఉంటారు. పాలు ఆవిరైతే గిన్నెలో ఏం మిగలాలో అడగండి. మా క్లాసులో ఒక కుర్రాడు, వాళ్ల నాన్నది బస్టాండు దగ్గర టీకొట్టు, "అడుగంతా అంటుకుపోయి ఉండాలి సార్, జగా కడగడం కాదు, ఇసుకేసి తోముకోవాలి" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వ్యంగ్యం అనే మాట ఎత్తే పనే పడలేదు.

నవ్వులయ్యాక అసలు ప్రశ్న వేయండి: వకీలులా వాదించే ఇంత తెలివైన కథకుడు తన కక్షిదారు మంగరాజ్‌ని ఇంత అధ్వానంగా ఎందుకు వెనకేసుకొస్తున్నాడు? జవాబు అప్పటికప్పుడు రాకపోయినా ఫరవాలేదు. రెండు వారాలు నలగనివ్వండి.

జయపురం గుమాస్తా:

నేను టీచర్ని కాను, కోర్టులో గుమాస్తాని. మాస్టారు చెప్పింది బాగుంది. ఆ పేజీలో ఉన్నదంతా మా కోర్టు భాషే. ఫకీర్ మోహన్ కెంఝర్, ఢెంకనాల్ లాంటి సంస్థానాల్లో దివానుగా చేసినవాడు, కాగితాల మాయ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాడు. చివర్లో మంగరాజ్ ఆస్తి ఎవరి చేతికి పోతుందో పిల్లల్ని అడగండి. వకీలు రామ్ రామ్ లాలాకి! మొదటి పేజీలో వకీలు భాష, ఆఖర్న వకీలుకే జమీందారీ.

ఒక్క మాట మాత్రం. పిల్లలందర్నీ వకీళ్లని చేసేస్తే సారియా కోసం ఏడ్చేదెవరండి?

బరంపురం మాస్టారు:

గుమాస్తాగారూ, న్యాయమైన మాట. అందుకే రెండో పని పెడతాను. పెన్సిల్ ఇచ్చి, కథకుడి వేళాకోళం ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీయమంటాను. మంగరాజ్ భార్య సాంతాణి చనిపోయే చోట కొందరు గీస్తారు. అంతకుముందే గీసేవాళ్లూ ఉంటారు. అసలు ఆగలేదనే మొండివాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ తగులుతారు. ఎవరి గీతకి వాళ్లు ఆ పేజీలోంచే కారణం చూపించాలి. "నాకలా అనిపించింది సార్" అంటే ఒప్పుకోను. సాలెవాళ్ల వీధి గురించిన అధ్యాయం దగ్గర మా దేవాంగుల పిల్లలు గట్టిగా పోట్లాడేవారు. ఇళ్లల్లో మగ్గం ఉన్నవాళ్లు కదా, తమ వీధి మీద జోకులు వాళ్లకి అందరికంటే ముందు తగులుతాయి.

బోర్డు పరీక్షలో ఇదంతా వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. రాదు. అడిగితే రాదనే చెప్పండి.

పర్లాకిమిడి వాసి:

పిల్లలు ఒడియాలో చదివినా, వాదించేటప్పుడు ఇంటి భాషలో వాదించనివ్వండి టీచర్‌గారూ. మా ఊళ్లో పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బడులు పెట్టారు. మీ క్లాసులో సవర పిల్లలున్నారన్నారు కాబట్టి చెబుతున్నా. భూమి కాగితం మీదికెక్కి చేతులు మారడం వాళ్ల ఇళ్లల్లో కథ కాదు. వాళ్లని ముందు మాట్లాడమనండి, కానీ బలవంతపెట్టకండి.

గుణుపురం టీచర్:

చాలా థ్యాంక్స్ అండి. ఈ శనివారానికి ఆ ఒక్క పేజీ జిరాక్స్ తీయిస్తున్నాను. మాస్టారూ, ఇంకో సందేహం. చంపా వర్ణన దగ్గర మగపిల్లలు కిసుక్కుమంటారు, ఆడపిల్లలు తలొంచుకుంటారు. ఆ భాగం వదిలేయమంటారా?

బరంపురం మాస్టారు:

వదలకండమ్మా. అక్కడ కథకుడు చేస్తున్నది కవుల పని. ఏనుగు నడకలు, ఆ పాత ఉపమానాలన్నీ తెచ్చి చంపాకి తగిలిస్తాడు. ఇంగ్లీషు చదివిన బాబుల కోసం గుర్రం దౌడు కూడా కలుపుతాడు! చదివేముందే ఒక ప్రశ్న బోర్డు మీద రాసేయండి: ఎవర్ని వెక్కిరిస్తున్నాడు, చంపానా, ఇలా వర్ణించే కవులనా? వెతికే పని చేతిలో పడితే కిసకిసలు వాటంతటవే తగ్గుతాయి. ఆ పేజీ మాత్రం మగపిల్లల చేత చదివించకండి, మీరే చదవండి, ముఖం మామూలుగా పెట్టుకుని.